తుపాకీ గొట్టంలో చీకటి

దయ్యాల కథలు నా చేతికొస్తే అచ్చుకు వెళ్లేవి కావు. ముప్ఫై ఏళ్లు తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేశాను. చూసినవాడి పేరు, చోటు, సమయం రాసి పంపమంటే ఏ విలేకరీ మళ్లీ ఫోన్ చేసేవాడు కాదు. అందుకే ఇది ఇన్నాళ్లూ రాయలేదు.

రిటైరయ్యాక ఇంగ్లండ్‌లో, హారోలో కూతురి దగ్గర ఉంటున్నాను. నా బావమరిది శ్రీధర్ వాట్‌ఫర్డ్‌లో ఎముకల సర్జన్. సెలవు రోజుల్లో, గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్లలను తుపాకీతో కొట్టే ఆటకు వెళ్తాడు. పోలీసులిచ్చిన సర్టిఫికెట్ ఉంది. పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో ఒక పాత డబుల్ బ్యారెల్ తుపాకీ చూసి బేరం కుదుర్చుకున్నాడు. తుపాకీ ఇంటికి పార్సిల్లో రాదు. లైసెన్సున్న డీలర్ దుకాణానికి వస్తుంది. అక్కడికి వెళ్లి చూసుకుని, నచ్చితే తెచ్చుకోవాలి. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను.

శనివారం, పగలు పదకొండు. కిటికీ నిండా వెలుతురు. డీలర్ డెబ్బై దాటిన ఇంగ్లీషాయన. తుపాకీ ఖాళీగా ఉందని ముందు చూపించి, గొట్టాల జతను విడదీసి ఇచ్చాడు. శ్రీధర్ దాన్ని ఒక వేలికి వేలాడదీసి, రోగి ఛాతీని తట్టి చూసినట్టు మధ్యవేలితో తట్టాడు. అతుకులు గట్టిగా ఉంటే గంటలా మోగాలట. మోగింది.

"చెస్ట్ క్లియర్ బావగారూ" అన్నాడు.

తర్వాత కిటికీ వైపు పెట్టి లోపల చూశాడు. రెండూ అద్దంలా ఉన్నాయంటూ నాకిచ్చాడు. ఎడమ గొట్టంలో తెల్లటి వెలుగు. కుడి దాంట్లో చీకటి.

"కుడిది మూసుకుపోయిందిరా."

"ముందు ఆ కళ్లద్దాలు తుడుచుకోండి."

నాకు నవ్వు రాలేదు. గొట్టంలో చిన్న గుడ్డపేలిక ఇరుక్కున్నా, పేల్చినప్పుడు గొట్టం పగిలి, దాన్ని పట్టుకున్న చెయ్యి పోతుందని దారిలో తనే చెప్పాడు. ఆ చేతులతోనే వాడు ఆపరేషన్లు చేస్తాడు.

డీలర్ కడ్డీకి ఉన్ని చుట్టి దూర్చాడు. అవతలి నుంచి శుభ్రంగా బయటికొచ్చింది. మళ్లీ చూశాను. చీకటే. రెండో కంటితో చూశాను. ఈసారి చీకటి మెల్లగా తొలగి కిటికీ కనిపించింది. మళ్లీ మూసుకుంది. తొలగింది. మూసుకుంది. ఒకే లయలో.

నన్ను ఏడిపించడానికి శ్రీధర్ అటు చివర అరచేయి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు నిజంగానే మూసుకుంది, చూడండి."

మరుక్షణం చెయ్యి లాక్కుని కోటు జేబులో పెట్టుకున్నాడు. తుపాకీ వద్దని డీలర్‌తో చెప్పి బయటికి నడిచాడు.

కారులో కూర్చున్నాకే ఆ చెయ్యి జేబులోంచి తీశాడు.

"గాలి తగిలింది బావగారూ. వెచ్చగా. ఆగి ఆగి."

చీకటి అలా తొలగి మూసుకోవడం నేను అప్పటికి వాడికి చెప్పనే లేదు.

నా కళ్లు పరీక్ష చేయించుకున్నాను. లోపం లేదన్నారు. శ్రీధర్ ఎప్పటిలాగే ఆపరేషన్లు చేస్తున్నాడు, ఆట మాత్రం మానేశాడు. రెండు వారాలకు డీలర్ మెయిల్ పెట్టాడు. తుపాకీని పరీక్షకు పంపితే అంతా సవ్యంగా ఉందన్నారట. ఇంకొకాయన కొనుక్కెళ్లాడట. ఆయన పేరు అడిగితే చెప్పకూడదన్నాడు. చెప్పినా, ఏ ఆధారం చూపి వద్దనేవాళ్లం?

అదేమిటో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ గొట్టం కింద ఇప్పుడు ఎవరి చెయ్యి ఉందో కూడా తెలియదు.