మందుపాతర

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినాలని మా ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. మా చెల్లెలి కూతురికి ఏడేళ్లే, దానికి తెలీదు. హార్స్లీ హిల్స్ నుంచి మబ్బును టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకొస్తుంటే అంగళ్లు ఊరి దగ్గర మూత సందులోంచి జారుకుందని చెబితే, క్యారియర్ వాసన చూసి "అవును మామా, వాన వాసన" అన్న పిల్ల అది.

దాని నాయన సైన్యంలో ఉన్నాడు. సరిహద్దులో గొడవ ముదిరింది. నాలుగు రోజులుగా ఆయన ఫోన్ లేదు. మా చెల్లెలు కుప్పం పక్కన అత్తగారి ఊళ్లో టీవీ ముందు నుంచి లేవడం లేదు. సెలవులకు మదనపల్లెలో మా ఇంటికొచ్చిన పిల్లను తల్లి దగ్గరికి చేర్చడానికి బస్సెక్కాను.

పుంగనూరు బస్టాండులో ముందు సీటాయన ఫోన్లో సరిహద్దు వార్తలు పెట్టాడు.

"మామా, మందుపాతర అంటే ఏంది?"

భయమేస్తే నా నోరు మరింత జోరుగా పని చేస్తుంది. "అదా! మందు పూడ్సిపెట్టిన గుంత. సిపాయిలకి దెబ్బ తగిల్తే తవ్వుకోని పూసుకుంటారు."

"మా నాయన కాడ కూడా ఉండాదా?"

"లేకేం? అడుగడుక్కీ!"

పిల్ల నిమ్మళంగా నిద్రపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరుసటి రోజు మధ్యాహ్నం చెల్లెలి అత్తగారి ఊరి పక్క గ్రానైట్ క్వారీ నుంచి విజిల్, దాని వెనకే కాపలా మనిషి కేక: "మందు పెట్టినారు! మందు పెట్టినారు!" బండ పేల్చే ముందు వేసే కేక, ఆ ఊరికి అలవాటైనదే. వాకిట్లోకి చూశాను. పిల్ల లేదు.

ఎట్లా పరుగెత్తానో తెలీదు. గొర్రెల కాపరులు ఇటు వస్తున్నారు. అది ఒక్కటే కంపచెట్ల వెనక నుంచి అటు పోతోంది. చేతిలో చిన్న స్టీలు డబ్బా, గరిటె.

"ఉండు మామా, రవ్వంత మందు తెస్తా. నాయనకి పంపిద్దాం."

ఎత్తుకుని పెద్ద బండ చాటున పడ్డాను. నేల అదిరింది. పైనుంచి రాళ్లు రాలుతుంటే దాని తల నా పొట్ట కిందకి తోసేశాను.

చాలాసేపటికి అది తలెత్తింది. "మందు ఇట్లా పేల్తాదా?"

"పేల్తాది."

"నాయన కాడుండేది?"

నోట్లోకి ఒక కథ వచ్చేసింది, తోకతో సహా. మింగేశాను. "అదీ ఇట్లాదే. నీకు అబద్ధం చెప్పినా."

"నాయనకి ఏం కాదు కదా?"

"తెలీదమ్మా. సూసుకోని నడిసేది వాళ్లకి నేర్పించింటారు. అయినా నాకూ భయంగానే ఉండాది."

నా చెయ్యి పట్టుకుని, "అది పేల్తాదని అమ్మకి తెలుసునా?" అంది.

"తెలుసు."

"అయితే పోదాం పా. ఆడ ఒక్కతే ఉండాది."

ఇంటికొచ్చి, తల్లి మోకాలు తట్టి, "అమ్మా, మామకి కూడా భయమంట" అని చెప్పింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి మా చెల్లెలు గొంతెత్తి ఏడ్చింది. పిల్ల బెదరలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంది.