పన్ను నొప్పే అనుకున్నాను

ఆ ఆదివారం నల్లగండ్ల ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఎడమ దవడ లాగింది. సైకిల్ ఆపితే తగ్గింది. మళ్ళీ తొక్కితే మళ్ళీ లాగింది. పన్ను నొప్పి, ఇంకేముంటుంది అనుకున్నాను.

ఆఫీసులో నా పక్క సీటు మాధవి, నా ప్రాణ స్నేహితురాలు, అంతకు ముందు ఏడాది నిద్రలోనే పోయింది. గుండెపోటన్నారు. నలభై కూడా నిండలేదు. ఆమె పేరున మా టీమ్ వాళ్ళం శ్రీశైలం దాకా సైకిళ్ళ మీద వెళ్ళి, వచ్చే విరాళాలతో వాళ్ళ బోరబండలో గుండె పరీక్షల క్యాంపులు పెట్టాలనుకున్నాం. ఆ ప్రాక్టీసులో ఉన్న నాకే గుండె జబ్బా? ఆ ఆలోచనే రాలేదు.

డెంటిస్ట్ ఎక్స్‌రే చూసి, "పళ్ళన్నీ బాగున్నాయండి. ఎత్తు ఎక్కేటప్పుడే వస్తుందంటే ఒకసారి గుండె చూపించుకోండి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా ఆయనే పట్టుబట్టి గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈసీజీ నార్మల్ వచ్చేసరికి, అనవసరంగా కంగారు పెట్టావని ఆయన్ని దెప్పాను కూడా. కార్డియాలజిస్ట్ మాత్రం వదలకుండా టీఎంటీ చేయించారు. ట్రెడ్‌మిల్ మీద అదే దవడ, అదే నొప్పి. మధ్యలోనే ఆపేశారు. మర్నాడు యాంజియోగ్రామ్.

"ఎల్ఏడీలో, అంటే గుండెకు రక్తం అందించే ముఖ్యమైన నాళంలో, తొంభై శాతం బ్లాక్ ఉందమ్మా. ఇప్పుడే స్టెంట్ వేస్తాం" అన్నారు డాక్టర్. టేబుల్ మీద పడుకుని, ఇంకెవరి గురించో చెబుతున్నారనుకున్నాను. సిగరెట్ లేదు, షుగర్ లేదు, వారం వారం సైకిల్ తొక్కేదాన్ని. నాకా?

వార్డులోకి మార్చాక మాధవి వాళ్ళమ్మ యాదమ్మ గారు చూడటానికి వచ్చారు. ఎట్ల మొదలైందని అడిగితే దవడ సంగతి చెప్పాను. ఆమె బత్తాయిల సంచి కింద వదిలేసి మంచం అంచున కూలబడ్డారు.

"మా పిల్లకు గూడ గక్కడ్నే నొచ్చింది బిడ్డా. మెట్లెక్కితె నొస్తున్నదన్నది. పుచ్చుపన్ను ఉండె. గదే అనుకొని పీకిచ్చినం."

నా పళ్ళు బాగుండబట్టి నేను బతికాను. ఆమెకు ఒక పుచ్చుపన్ను ఉండబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఈ రోజుకీ అది నాకు మింగుడుపడదు.

ఇంటికొచ్చాక లిఫ్ట్ దాకా నడవాలన్నా భయమే. కొత్త మందుకు ఆయాసం వస్తే మళ్ళీ బ్లాకేమోనని ఎమర్జెన్సీకి పరిగెత్తాం. మందు మార్చారు. సైకిల్ అమ్మేయమన్నాను. యాదమ్మ గారు రోజూ ఫోన్ చేసి, నడిచినవా లేదా అని గదమాయించేవారు. కొన్ని నెలల తర్వాత టీఎంటీ మళ్ళీ చేసి, తొక్కొచ్చు గానీ పోటీ పడొద్దన్నారు డాక్టర్. అప్పటిదాకా టీమ్ నాకోసం ఆగింది.

శ్రీశైలం ఘాట్ అందరికన్నా వెనక, ఏడుస్తూ ఎక్కాను. నొప్పి ఇప్పుడొస్తుందా, ఇప్పుడొస్తుందా అని చూశాను. రాలేదు. కార్లో ముందే చేరిన యాదమ్మ గారు, నేను హెల్మెట్ తీయకముందే నా మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"నువ్వన్న ఒచ్చినవ్ బిడ్డా" అన్నారు.

ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాను, ఆదివారాలు తొక్కుతున్నాను. బోరబండ క్యాంపులో యాదమ్మ గారు గుమ్మం దగ్గరే కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళనూ దవడ నొస్తదా అని అడుగుతారు. నేను చెప్పేదీ అదే. నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి దవడలో వచ్చినా, భుజంలో వచ్చినా ముందు గుండె డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఈసీజీ నార్మలంటే అక్కడితో ఊరుకోకండి, టీఎంటీ అవసరమా అని అడగండి. పన్ను తర్వాతైనా పీకించుకోవచ్చు.