పెద్ద సిస్టర్ సంతకం చేయని ఫైలు

మేమంతా పెద్ద సిస్టర్ అని పిలిచే నర్సు మరణించినట్లు కార్యాలయ సర్క్యులర్ ద్వారా తెలియజేయడమైనది. సర్క్యులర్‌లో మూడు వాక్యాలున్నాయి. మొదటిది సంస్థ సంతాపం. రెండోది, ఆమె వద్ద ఉన్న సంస్థ వస్తువులను ఏడు పనిదినాలలోగా అప్పగించవలసిందిగా కుటుంబానికి సూచన. మూడోది, తదుపరి ఉత్తర్వుల వరకు ఆమె స్థానంలో నేను సంతకాలు చేస్తానన్న సమాచారం. ముగ్గురు అధికారులు చూసి పంపిన ఆ ప్రకటనలో తప్పులేవీ లేవు. ఆమె ఎలాంటి మనిషో మాత్రం లేదు. ఆ ఖాళీని పూరించడానికే ఈ నాలుగు మాటలు.

సంస్థ వస్తువులంటే ఒక గుర్తింపు కార్డు, అంతే. ఆమె కూతురు దానితోపాటు ఒక టార్చిలైటు కూడా తెచ్చి ఇచ్చింది. అది సిస్టర్ సొంతం. వెనక్కి ఇవ్వడానికి తగిన ఫారం లేకపోవడం వల్ల ప్రస్తుతం నా బల్ల మీద ఉంది.

తెలియని పాఠకుల సౌకర్యార్థం మా సంస్థ గురించి కొంత చెప్పాలి. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో మాకొక గోదాము, దాని మీద ఒక ఆఫీసు ఉన్నాయి. గోదాములోంచి ఆఫ్రికా దేశాల ఆరోగ్య కేంద్రాలకు మందులు, పరికరాలు వెళతాయి. ఆఫీసులోంచి నివేదికలు వెళతాయి. నివేదికలు ముందు చేరతాయి. వాటిని రాసేవాణ్ని నేను. ఆ దేశాల ప్రజారోగ్య వ్యవస్థలను ఎలా మెరుగుపరచాలో ఒక అల్మరా నిండేంత రాశాను. ఆ ఖండంలో ఇంతవరకు కాలు పెట్టలేదు. దీన్ని అనర్హతగా ఎవరూ పరిగణించలేదు.

సిస్టర్‌ది గోదావరి పాయల మధ్య ఒక లంక గ్రామం. నర్సు చదువు ముగించుకొని చిన్న వయసులోనే దుబాయ్ వచ్చి, దాదాపు ముప్పయ్యేళ్లు ఇక్కడి ఆసుపత్రులలో పనిచేశారు. కరోనా మొదటి ఏడాదంతా వార్డులో గడిపి, మరుసటి ఏడాది పదవీ విరమణ చేశారు. అప్పుడు మా సంస్థ ఆమెను క్షేత్ర సన్నద్ధత పరిశీలకురాలు అనే హోదాలో తీసుకుంది. ఆ హోదాకు అర్థమేమిటని ఆమె అడిగితే, ఫైళ్ల చివర సంతకం చేయడమేనని ముదీర్ చెప్పారట. మా మేనేజరును గోదాములో అందరూ ముదీర్ అనే అంటారు. సిస్టర్ ఆ మాటను పూర్తిగా నమ్మలేదు. సంస్థకు తర్వాత కలిగిన ఇబ్బందులన్నిటికీ మూలం అదే.

ఆమెకొక పద్ధతి ఉండేది. కొత్త రకం కిట్టు ఏది వచ్చినా, ఓడ ఎక్కించే ముందు ఒక పెట్టెను గోదాము నేల మీద విప్పించేవారు. షట్టర్లు దింపించి మెయిన్ స్విచ్ ఆపించేవారు. మిట్టమధ్యాహ్నం గోదాము పాడుబావిలా అయిపోయేది. ఏసీ ఆగిన రెండు నిమిషాలకు చొక్కాలు ఒంటికి అంటుకునేవి. అప్పుడామె టార్చి వెలిగించి, ఆ పెట్టెలో ఉన్న సరంజామాతో మాత్రమే ఒక కాన్పు చేయగలమా లేదా అని చూసేవారు. నొప్పులు పడే గర్భిణి పాత్ర ఎప్పుడూ మల్లేశ్‌దే. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, సోనాపూర్ కార్మికుల క్యాంపులో ఉంటూ, మా దగ్గర ప్యాకింగ్ చేసే నలభై అయిదేళ్ల మనిషి.

"అమ్మా, పోయిన వారమే గద కన్న. మల్ల ఇయ్యాల గూడనా?" అంటూనే అట్టల మీద పడుకునేవాడు.

"కదలకయ్యా. తొలికాన్పు పిల్లలు కూడా నీ అంత గోల చెయ్యరు," అనేవారామె.

అలా చూడటం వల్లనే, బి.పి. మిషను చార్జింగ్ లేనిదే పనిచేయదనీ, గ్లవ్స్ అన్నీ మగవాళ్ల చేతుల కొలతవనీ, రెండు రకాల కత్తెరలు ఒకే రంగు సంచుల్లో ఉండి చీకట్లో తేడా తెలియదనీ బయటపడింది. నివేదికలో నేను వీటిని స్వల్ప సవరణలు అని రాశాను. ఆమె కళ్లజోడు సర్దుకొని చదివి, "స్వల్పం అని ఎవరు చెప్పారు బాబూ? కనే మనిషా?" అని అడిగారు. ఆ మాట కొట్టేశాను. ఆ తర్వాత ఏ నివేదికలోనూ దాన్ని మళ్లీ వాడలేకపోయాను. నా వృత్తిలో అది చిన్న నష్టం కాదు.

మధ్యాహ్నం ఆమె ఆఫీసు క్యాంటీన్‌లో తినేవారు కాదు. గోదాములో ఒక కార్టన్ మీద కూర్చొని క్యారేజీ విప్పేవారు. పక్కన మల్లేశ్, ఎదురుగా గేటు గార్డు మోజెస్. మోజెస్‌ది ఉగాండా. దుబాయ్ వచ్చాక నేర్చుకున్న హిందీ అతని భాష. అతని అక్క వాళ్ల ఊళ్లో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క నర్సు. పెద్ద సిస్టర్, ఆ అక్క ఏనాడూ ఒకరినొకరు చూసుకోలేదు. మోజెస్ ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌ల మీదే స్నేహితులయ్యారు. సగం సంభాషణ కాన్పుల గురించి, మిగతా సగం మోకాళ్ల నొప్పుల గురించి. అప్పుడప్పుడు మెసేజ్ వెనకనుంచి అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపు వినబడేది. మల్లేశ్ అన్నం కలపడం ఆపి, ఆడపిల్లనా మొగపిల్లగాడా అని అడిగేవాడు. కనుక్కొని చెప్పేదాకా మళ్లీ తినేవాడు కాదు.

ఇక ఫైలు సంగతి. ఒక జిల్లాలో ఆరోగ్య కేంద్రాలు ఎక్కువగా, వాటిలో నర్సులు తక్కువగా ఉన్నందున, ఐదు కిలోమీటర్లలోపు పెద్ద కేంద్రం ఉన్న చోట చిన్న కేంద్రాన్ని అందులో విలీనం చేయాలని ఒక ప్రణాళిక వచ్చింది. విలీనమంటే తాళం. జాబితా తయారీ మా ఆఫీసుకు అప్పగించారు. మేము అనుసరించిన పద్ధతి శాస్త్రీయమైనది. మ్యాపు మీద రెండు చుక్కలు పెట్టాం, వాటి మధ్య కంప్యూటర్ ఒక తిన్నని గీత గీసింది. తొమ్మిది కేంద్రాలు తేలాయి. ఏడో వరసలోని కేంద్రానికి, దాని పెద్ద కేంద్రానికి మధ్య రెండు కిలోమీటర్లే దూరం. ఇంత చక్కటి వరస మొత్తం పట్టికలో మరొకటి లేదని నాకు లోలోపల సంతృప్తి కూడా కలిగింది. అది మోజెస్ అక్క పనిచేసే కేంద్రమని నాకు తెలియదు. ఏడో వరస నాకు ఏడో వరసే.

సిస్టర్ ఆ పేరు గుర్తుపట్టి మోజెస్‌ను గేటు దగ్గర్నుంచి పిలిపించారు. అతను మ్యాపును కాసేపు అటూ ఇటూ తిప్పి, నేను గీసిన గీత మధ్యలో వేలు పెట్టి, "సిస్టర్, ఇధర్ పానీ హై," అన్నాడు. అక్కడ నది ఉంది. పడవ మీద దాటుతారు. వానాకాలంలో పడవ నడవదు. రోడ్డున వెళ్లాలంటే వంతెన దాకా పోయి అవతలి గట్టు వెంట వెనక్కి రావాలి, అందుకు పొద్దుటినుంచి సాయంత్రం దాకా పడుతుంది.

ఆమె ఫైలు పట్టుకొని ముదీర్ గదిలోకి వెళ్లారు. ఆయన సావధానంగా విని, నది ఉన్నమాట కాదనడం లేదనీ, అయితే ఫారంలో నదికి గడి లేదనీ చెప్పారు. అది నిజం. ఫారం తయారుచేసిందీ నేనే. అందరి సంతకాలూ అయిపోయాయి, మీదొక్కటే బాకీ అని కూడా గుర్తుచేశారు.

"యల్లా సిస్టర్, సైన్ కరో, ఖలాస్."

ఆమె వాదించలేదు. మర్నాడు పొద్దున తనకొక గంట కావాలన్నారు. ముదీర్ మర్యాదస్థుడు, ఒప్పుకున్నారు. ముదీర్, సిస్టర్, నేను ఊళ్లోనే ఉన్న డేరా పేటకు వెళ్లాం. కాలువ గట్టున, అబ్రా పడవలు ఆగే చోటికి కొంచెం ఎడంగా మమ్మల్ని నిలబెట్టి, అవతలి ఒడ్డున ఒక తెల్లగోడ చూపించారు. ఫోన్‌లో దూరమెంతో చూడమన్నారు. కిలోమీటరులో సగం కూడా లేదు.

"వెళ్లి ఆ గోడ ముట్టుకుని రండి సార్," అన్నారు హిందీలో. "ఇది వానాకాలం అనుకోండి. పడవ లేదు. టాక్సీ మా ఊళ్లో ఎప్పుడూ లేదు."

ముదీర్ నవ్వారు. ఆమె నవ్వలేదు. నీడలో ఉన్న బల్ల మీద కూర్చొని, సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి తాగి, ఎదురుచూస్తున్నట్టు ఒళ్లో చేతులు పెట్టుకున్నారు. మేమిద్దరం ఎండలో నిలబడ్డాం. పావుగంటకు ముదీర్ టై వదులు చేసుకున్నారు. ఇక్కడ పడవలు క్షణానికొకటి తిరుగుతున్నాయి కదా సిస్టర్ అన్నారు, కాస్త చిరాగ్గా.

"ఇక్కడ తిరుగుతున్నాయి," అన్నారామె.

తిరిగి వచ్చేటప్పుడు ముదీర్ ముందు సీట్లో ఫోన్ చూసుకుంటున్నారు. వెనక ఆమె తెలుగులో, మామూలు గొంతుతో, నాతో చెప్పారు. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

"మా లంకలోంచి ఆసుపత్రి కనబడేది బాబూ. డాబా, మీద నీళ్ల ట్యాంకు, అన్నీ. మా అక్క నొప్పులతో రేవులో పడుకుని దాన్నే చూస్తా ఉంది. పడవొచ్చేసరికి అయిపోయింది. కనబడినంత మాత్రాన దగ్గరని రాసేత్తారా?"

 అప్పటికి తొమ్మిది చోట్ల అదే రాసి ఉన్నాను.

ఆ వారమే ఫారంలో భౌగోళిక పరిశీలనలు అనే గడి చేరింది. ముదీర్ దాన్ని తన చొరవగా పై అధికారులకు నివేదించారు. సిస్టర్‌కు అభ్యంతరం లేకపోయింది. ఆమె మొండి మనిషి కాదు. మిగతా ఎనిమిది చోట్లకూ ఫోన్లు చేసి, నడిచి చేరగలిగే దారి ఉందని తేల్చుకొని, సంతకాలు చేశారు. నర్సు లేని కేంద్రం కంటే నర్సున్న పెద్ద కేంద్రమే మేలని తనే అన్నారు. ఏడో వరసకు మాత్రం చేయలేదు. కొత్త గడిలో నది అని రాసినా, ఆ గడి నింపితే చాలునని, దాన్నిబట్టి నిర్ణయం మార్చవలసిన నిబంధన ఏదీ లేదని పైనుంచి జవాబు వచ్చింది. అయితే ఆమె సంతకం లేనిదే ఫైలు కదలదన్నదీ నిబంధనే. నెలనెలా రిమైండర్ వచ్చేది. ఆమె దాన్ని చదివి, మడిచి, క్యారేజీ పెట్టుకునే సొరుగులో పెట్టేవారు. సంస్థ రికార్డుల్లో దీన్ని జాప్యం అంటారు. ఆ జాప్యంలో పుట్టిన బిడ్డల ఏడుపులు మేము అన్నాలు తింటూ విన్నాం.

ఒక ఆదివారం చర్చి నుంచి షార్జాలోని కూతురి ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చొని మంచినీళ్లడిగారట. నీళ్లు తెచ్చేలోపే వెళ్లిపోయారు. ఆమెను స్వగ్రామానికి పంపే కాగితాలన్నీ ముదీర్ స్వయంగా నింపారు. ఒక్క గడి కూడా వదల్లేదు. కార్గో టెర్మినల్ బయట మోజెస్, మల్లేశ్, నేను నిలబడ్డాం.  చివరికి మల్లేశ్, "నాకు ఎన్ని కాన్పులు జేసిందో సార్," అన్నాడు.

మర్నాడు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. దానితోపాటు ముదీర్ కూడా వచ్చారు. ఎనిమిది అయిపోయాయి, ఒక్కటే మిగిలింది, పాపం ఆవిడ పేరు మీద ఇంకెన్నాళ్లు పెండింగ్ చూపిస్తాం అన్నారు. ఆయన ఉద్దేశం గౌరవంగానే ఉంది. సాయంత్రం గేటు దగ్గర మోజెస్ కనబడ్డాడు. వాళ్ల ఊళ్లో వానలు మొదలయ్యాయని మాత్రం చెప్పాడు.

నేను ధైర్యవంతుణ్ని కాను. చాలా ఏళ్లుగా అలసిపోయి ఉన్నాను. అలసిపోయిన మనిషికి సంతకం చేయడం కంటే తేలికైన పని లేదు. కలం మూత తీశాను కూడా. అప్పుడు సిస్టర్ కూతురు ఊరినుంచి పంపిన వీడియో వచ్చింది. అది చూశాక ఫైలు తెరిచి, సంతకం గడి వదిలేసి, దాని కింద ఇలా రాశాను: "సంతకము చేయు అధికారి వానాకాలములో, రోగి వెళ్లు మార్గముననే, సదరు చిన్న కేంద్రము నుండి పెద్ద కేంద్రమునకు స్వయముగా వెళ్లి చూసిన పిమ్మట సంతకము చేయగలడు. ప్రయాణ అనుమతి కోరడమైనది."

ఫైలు ప్రయాణ అనుమతుల విభాగానికి వెళ్లింది. అక్కడికి వెళ్లిన ఫైళ్లు ఎప్పుడు తిరిగి వస్తాయో నాకు తెలుసు. ఈ ఉద్యోగంలో చేరాక మా సంస్థలోని ఒక విభాగం మీద నాకు పూర్తి నమ్మకం కలగడం ఇదే మొదటిసారి. నిన్న మోజెస్ ఫోన్‌లో మళ్లీ ఒక ఏడుపు విన్నాం. ఆడపిల్ల.

ఆ వీడియో ఇంకా నా దగ్గరే ఉంది. నిడివి ఒక నిమిషానికి తక్కువే. విమానాశ్రయం నుంచి వచ్చిన అంబులెన్సు రేవు దగ్గర ఆగిపోయింది. గోదావరి పోటు మీద ఉంది. రేవు దాటించే పంటు అవతలే కట్టేశారు. బురద తగలకుండా సిస్టర్ ఉన్న పెట్టెను రెండు బల్లల మీద పెట్టారు. ఎవరో దాని మీద గొడుగు పట్టుకున్నారు.  వాన చప్పుడొక్కటే. చివర్లో కూతురు ఫోన్‌ను మెల్లగా పైకెత్తుతుంది. నీళ్ల మీదుగా ఆవలి గట్టు, కొబ్బరి చెట్లు, చర్చి తెల్లగోడ, గోడ పక్కన నిలబడి ఇటే చూస్తున్న మనుషులు, అన్నీ స్పష్టంగా కనబడుతుంటాయి.