ఏలూరు కుర్చీ

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేం కాదు, నాలుగేళ్ల కిందట, నేను చేరిన ఫిల్మ్‌నగర్ కథల ఆఫీసులో మనుషులకు పేర్లుండేవి కావు, ఊళ్లుండేవి. "నెల్లూరూ, ఆ సీను పట్రా", "విజయనగరం టీ తాగాడా?" ఇలా. ఊళ్ల పేర్లు ఎలా పుట్టాయో చెప్పే పుస్తకాలు దాచుకుని చదివే నాకు ఈ పద్ధతి తెగ నచ్చింది. మాది జనగామ. "జనగామా!" అని ఎవరో పిలుస్తారని మొదటిరోజు కృష్ణానగర్ గది నుంచి నడిచి వస్తూ దారంతా మురిసిపోయాను (ఆ మురిపెం డైరీలో ఒక పేజీ తినేసింది).

వెళ్లి ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. అది అంతకుముందు మానేసిన ఏలూరు అమ్మాయిది. డైరెక్టర్‌గారు తలెత్తకుండానే "ఏలూరూ, ఈ పేజీలు అందుకోమ్మా" అన్నారు. కాదు, జనగామ అనబోయి చేతులు చాచాను. అందుకున్నాను. అంతే, ఏలూరునైపోయాను. ఆ ఊరి స్టేషనైనా చూడని నాతో గోదావరి మాటలు దిద్దించేవారు. భయంతో ప్రతి వాక్యానికీ "అండీ" తగిలించేదాన్ని.

తర్వాత తెలంగాణ కథొకటి వచ్చింది. కథానాయిక మాటలు రాసినవాళ్ల పేరు తెరమీద వేస్తారట. మా నాయనమ్మ మాటలన్నీ నా డైరీల్లోనే ఉన్నాయి! మూడు రోజులు అద్దం ముందు సాధన చేసి వెళ్లాను. "సార్, ఈ మాటలు నేను రాస్తా. మాది జనగామ."

గది ఘొల్లుమంది. డైరెక్టర్‌గారు మాత్రం ప్రేమగానే అన్నారు: "కష్టపడే గుణం మంచిదే ఏలూరూ. కానీ యాస పుట్టుకతో రావాలమ్మా. వరంగల్‌ను పిలిపించాం."

వరంగల్ వచ్చాడు. టీ దగ్గర ధైర్యం చేసి, వరంగల్‌లో ఎక్కడని అడిగాను.

"అక్కడ రెండేళ్లు చదివానంతేనండీ. మాది ఏలూరు. మీదీ ఏలూరేనట, ఏ వీధండీ?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను జీవితంలో మళ్లీ రాదు.

"స్టేషన్ దగ్గరండీ" అన్నాను.

అతను రాసిన మాటల్లో మా నాయనమ్మ అనేది ఒక్కటీ లేదు. చూడలేక పెన్సిల్‌తో ఒక్కటి దిద్దాను, తర్వాత ఇంకొకటి. వారంలో మొత్తం నేనే రాసిచ్చాను. తెరమీద అతని పేరు పడింది.

జనగామ థియేటర్‌లో నా పక్కన కూర్చున్న నాయనమ్మ మోచేత్తో పొడిచింది. "గీ మాటలు ఎవలు రాసిండ్రే? అచ్చం మన లెక్కనే ఉన్నయ్!"

"ఏలూరోళ్లు నాయనమ్మా" అన్నాను.

ఆలోచిస్తే, ఆ ఆఫీసులో చేరాక నేను చెప్పిన మాటల్లో అబద్ధం కానిదీ, ఎవరూ నవ్వనిదీ అదొక్కటే అనిపిస్తుంది.