హోమ్ మూసేసిన ఏడాది

కరోనా రెండో అల తగ్గిన మరుసటి వేసవిలో, రిటైర్మెంటుకు కొన్నేళ్ల ముందు, నన్ను నాంపల్లిలోని బాలల పరిరక్షణ కార్యాలయానికి ప్రొబేషన్ అధికారిగా వేశారు. ప్రొబేషన్ అనగానే జైలు సంగతి అనుకుంటారు చాలామంది. మా పని వేరు. చూసుకునేవాళ్లు లేని పిల్లల బంధువులను వెతికి, వాళ్ల ఇంటి పరిస్థితి విచారించి, బాలల సంక్షేమ సమితికి నివేదిక ఇస్తాం. పిల్ల ఎక్కడ పెరగాలో ఉత్తర్వు ఇచ్చేది సమితి. దానికి మేజిస్ట్రేటు అధికారాలుంటాయి. మేము సిఫారసు చేయగలం, అంతవరకే.

నాకు అప్పగించిన మొదటి పెద్ద పని ఆబిడ్స్‌లో ఒక క్రైస్తవ ట్రస్టు నడిపే ఆడపిల్లల హోమ్ మూసివేత. గన్‌ఫౌండ్రీ వైపు సందులో పాత రెండంతస్తుల భవనం అది. సూపరింటెండెంట్ ఎస్తేరు గారు పెళ్లి మాట తలపెట్టకుండా చిన్న వయసులోనే అక్కడ చేరి, అక్కడే ఉండిపోయిన మనిషి. ఆ హోమ్‌కు విదేశంలోని ఒక చర్చి సాయం చేసేది. ఆ చర్చివాళ్ల ఆలోచన మారింది. దిక్కులేని పిల్లకు అన్నం పెట్టడం దయ, ఆ పిల్ల అసలు ఇల్లు విడవకుండా చూడడం న్యాయం, దేవుడు రెండూ అడుగుతాడు అన్నారు. ఇకనుంచి తమ సాయం హోమ్‌లకు కాకుండా కుటుంబాలకే అని తేల్చారు.

నాకా మాట నచ్చింది. మన చట్టంలోనూ హోమ్ అన్నది చివరి దారే. ఎస్తేరు గారికి మొదట కోపం వచ్చింది. కొన్ని వారాలు ఆలోచించుకుని తానే ఒప్పుకున్నారు. సాయంత్రం ప్రార్థన అయ్యాక ఎవరో ఒక పిల్ల ‘మా అమ్మ ఎప్పుడొస్తది’ అని అడిగేదట. ఇన్నేళ్లలో దానికి తన దగ్గర జవాబు లేకపోయిందని నాతో అన్నారు.

చాలామంది పిల్లలు సవ్యంగానే ఇళ్లు చేరారు. అది చెప్పకపోతే తప్పు. చివరికి మిగిలింది రేణుక. తొమ్మిదేళ్లది. తల్లి నాంపల్లి స్టేషన్ బయట పూలమ్ముతూ క్షయతో పోయింది. తండ్రి ఆచూకీ లేదు. వెతగ్గా వెతగ్గా అఫ్జల్‌గంజ్‌లో తల్లి చెల్లెలు యాదమ్మ దొరికింది. టోకు దుకాణాల్లో ఎండుమిరపకాయల తొడిమలు తీసే పని ఆమెది. మొగుడు లేడు, పిల్లలు లేరు.

“మా అక్క బిడ్డ మేడమ్, కాదనను,” అంది. “కని జర ఆగున్రి. గీ అర్రల ఇంకో మనిషిని ఉంచనియ్యడు ఓనరు. దసరా ఎల్లినంక వేరే అర్ర కిరాయికి చూస్త. అప్పుడు నేనే వచ్చి తోల్కపోత.”

గది దొరికేదాకా పిల్లను హోమ్‌లోనే ఉంచాలని నా నివేదికలో సిఫారసు చేశాను. కానీ ట్రస్టు ఆగలేదు. ప్రతి హోమ్‌కూ ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి, గడువు తీరితే పొడిగించుకోవాలి. ఎలాగూ మూసేదే కదా అని ట్రస్టు పొడిగింపు అడగలేదు. గడువు తీరాక ఒక్క పిల్లనైనా అక్కడ ఉంచడం చట్టవిరుద్ధం. రక్తసంబంధీకురాలు ఒప్పుకుంది కాబట్టి, వేరే హోమ్‌కు మార్చకుండా సమితి రేణుకను పిన్నికి అప్పగించింది. అప్పటికి దసరా ఇంకా నెలల దూరంలో ఉంది.

గేటు దగ్గర రేణుక ఏడవలేదు. “క్రిస్మస్‌కు నన్ను ఈడికి తోల్కొస్తరు కదా ఆంటీ?” అని మాత్రం అడిగింది. అప్పటికి హోమ్ ఉండదని, తను మాత్రం ఎక్కడున్నా వచ్చి చూస్తానని ఎస్తేరు గారు చెప్పారు.

కుటుంబానికి అందుతుందన్న సాయం కొన్ని నెలలు వచ్చింది. తర్వాత ఆ చర్చి తన కార్యక్రమాన్ని వేరే దేశానికి మార్చుకుంది. నేను ఆరా తీయడానికి వెళ్లేసరికి యాదమ్మ గదిలో ఇంకెవరో కాపురముంటున్నారు. ఓనరు ఖాళీ చేయించాడట. అడుగుతూ పోతే ఇద్దరూ ఒక మిరప గోదాములో కనిపించారు. పగలు అక్కడే పని, రాత్రి అక్కడే పడక. రేణుక బడి మానేసింది. పిన్ని పక్కన కూచుని తొడిమలు తీస్తోంది. ఘాటుకు కళ్లు ఉబ్బి ఉన్నాయి. వేళ్లు మండుతున్నాయేమో, నీళ్ల గిన్నె పక్కనే పెట్టుకుంది.

యాదమ్మ నన్ను చూసి లేవలేదు. “నేను వద్దన్ననా మేడమ్? ఆగుమన్న. ఎవ్వలు ఆగలే,” అంది.

మర్నాడు ఆమే పిల్లను తిరిగి అప్పగించడానికి సమితి ముందుకు తీసుకొచ్చింది. ఆ సంగతి తెలిసి ఎస్తేరు గారు ఫోస్టర్ కేర్‌కు దరఖాస్తు చేశారు. అంటే దత్తత కాకుండా, సమితి అనుమతితో పిల్లను ఇంట్లో ఉంచుకుని పెంచడం. అప్పటికి ఆవిడ ఆబిడ్స్‌లోనే చిన్న గది తీసుకుని ఉంటున్నారు. నియమాల్లో వయోపరిమితి ఉంది. ఆవిడ దాన్ని దాటేశారు. ఆ మాట చెప్పే పని నామీద పడింది.

ఆవిడ అంతా విన్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. “ఇంతమందిని పెంచినప్పుడు నా వయసెంతని ఎవరూ అడగలేదు. పిల్లకు కుటుంబం కావాలన్నరు, నేనూ ఔనన్న. నేను కుటుంబం కానా, మేడమ్?”

నియమం మళ్లీ చెప్పాను.

రేణుకను ప్రభుత్వ హోమ్‌లో చేర్చారు. నేను రిటైరయ్యేనాటికి మళ్లీ బడికి వెళ్తోంది, కాకపోతే తోటివాళ్ల కంటే వెనకబడిన తరగతిలో. అనుమతి ఉన్న ఆదివారాల్లో ఎస్తేరు గారు వెళ్లి చూసొస్తారు. చట్టం దృష్టిలో ఆవిడ సందర్శకురాలు. యాదమ్మ మొదట్లో వచ్చేది, తర్వాత రావడం తగ్గించింది. పిల్ల ముఖం చూడలేకపోతున్నానని వార్డెన్‌తో అందట.

పిల్ల కుటుంబంలో పెరగాలన్న సూత్రం తప్పని నేను ఇప్పటికీ అనను. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు అడిగితే ఒకటే చెబుతాను. పిల్లను ఎప్పుడు పంపాలన్నది పంపేవాళ్ల వీలును బట్టి కాదు, చేర్చుకునే ఇల్లు ఎప్పుడు సిద్ధమైతే అప్పుడు. యాదమ్మ అడిగింది అదే. నేను రాసిందీ అదే. ఆ ఏడాది అది చాలలేదు.