అడిగితే కాదనని అత్తయ్య

ఇక చోటు లేదు పొమ్మని కంప్యూటర్ చెప్పినప్పుడు నాకు ముందుగా వచ్చింది కోపమే. నరసరావుపేటలో మా ఇంటి హాల్లో కిటికీ పక్కన ఉంటుందది. పెళ్లి ఫోటోలను ఆల్బమ్‌గా కూర్చడం నా పని. ఫోటోగ్రాఫర్లు ఫోటోలు తెచ్చిస్తారు, నేను పేజీలు తయారుచేసి ప్రింటింగ్‌కి పంపుతాను. ఆ రోజు గురజాల వాళ్ల పెళ్లి ఒకటి సాయంత్రానికి పంపాలి. చివరి పేజీ పూర్తిచేసి సేవ్ నొక్కితే, ససేమిరా అంది.

అంతకు ముందే పాత పెళ్లిళ్లన్నీ తీసేసి డిస్కును ఖాళీ చేసుకున్నాను. నా ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటే విప్పి, ఎంతెంత బరువున్నాయో చూశాను. అన్నీ కలిపినా డిస్కులో సగం కూడా రాలేదు. మరి మిగతా సగం ఏ గంగలో కలిసినట్టు? మౌస్‌ని బల్లకేసి కొట్టాను. పాపం, దాని తప్పేముంది!

కింద కూర్చుని గోంగూర ఆకు గిల్లుతున్న మా అత్తయ్య తలెత్తారు.

"ఏందమ్మాయ్, పొద్దుటి నుంచీ దాంతో పోట్లాట?"

"చోటు పోయింది అత్తయ్యా. ఎక్కడికి పోయిందో తెలియట్లేదు."

"ఇంట్లోది ఇంట్లోనే ఉంటది, యాడికి పోద్ది? నిదానంగా ఎతుకు."

ఆ మాత్రం మాట్లాడినందుకే నాకు సంతోషం వేసింది. ఫోన్ పోయిన దగ్గర్నుంచి ఆవిడ ఆ మాత్రం కూడా మాట్లాడటం లేదు.

ఆ ఫోన్ సంగతి చెప్పాలి. మా మామయ్య పోయి ఏడాది దాటింది. ఊళ్లో వాళ్లందరి నాన్నలకీ తాతలకీ ఆల్బమ్‌లు చేసిన నా దగ్గర ఆయన ఫోటో ఒక్కటి సరైనది లేదు. ఏ పెళ్లిలోనైనా కెమెరా ఇటు తిరిగిందంటే చాలు, ఆయన సాంబారు బకెట్టు పట్టుకుని వడ్డనలోకి మాయమయ్యేవారు. గోడ మీద దండ వేసి ఉన్నది ఆధార్ కార్డులోది పెద్దది చేయించిన బొమ్మ. అందులో ఆయన మీద ఎవరో నేరం మోపినట్టుంటారు.

ఆయన గొంతు మాత్రం అత్తయ్య ఫోన్లో ఉండేది. రొంపిచెర్ల దగ్గర మాకు మిరప చేను ఉంది. చేనుకు ఏ తెగులు వచ్చినా పురుగుమందుల కొట్టాయన, వీడియో తీసి పంపండి, మందు చెబుతానంటాడు. ఇక్కడ రైతులందరూ చేసేదే. మామయ్యది బటన్ల ఫోన్. అందుకని ఆయన ఆకు తిప్పి చూపించేవారు, అత్తయ్య తన ఫోన్‌తో తీసేవారు. ముడుచుకున్న ఆకులు, మట్టి అంటిన వేళ్లు, వెనక నుంచి ఆయన మాటలు. అంతే. మనిషి కనపడడు. ఆయన పోయాక అత్తయ్య మధ్యాహ్నాలు ఆ తెగుళ్ల వీడియోలే పెట్టుకుని కూర్చునేవారు. మొన్న చలికాలంలో చేను చూసి వస్తూ కాలవలో కాళ్లు కడుక్కుంటుంటే, జాకెట్లో పెట్టుకున్న ఫోన్ జారి నీళ్లలో పడిపోయింది. కొట్టాయన్ని అడిగితే, ఫోన్ నిండిపోతోందని పాత వీడియోలన్నీ తీసేశానని బాధపడ్డాడు. "పోతే పోయిందిలే, పాత ఫోనేగా" అన్నారు అత్తయ్య. ఆ తర్వాత చానాళ్లు అన్నం కలుపుకుని, తినకుండా అలాగే చూస్తూ ఉండేవారు.

సరే, కంప్యూటర్ దగ్గరకు వస్తాను. డిస్కు లెక్క చూపించే పేజీలో అడుగున ఒక వరుస కనపడింది. మిగతా చోటంతా వేరే ఖాతాలో ఉందట. నాది కాక ఇంకో ఖాతా ఎవరిదా అని ఆలోచిస్తే గుర్తొచ్చింది. అత్తయ్య సీరియళ్లు చూసుకుంటూ నా ఆల్బమ్‌ల మీద చెయ్యి వేయకూడదని, మా ఆయన ఎప్పుడో ఆవిడకు విడిగా ఒకటి పెట్టారు. అందులోకి వెళ్లాను. ఫోన్ బ్యాకప్ అని ఒక ఫోల్డరు, అలాంటిదే ఇంకొకటి, దాని కింద మరొకటి. కిందికి పోయేకొద్దీ అవే.

"అత్తయ్యా, మీ ఫోన్ దీనికి తగిలించేవారా?"

"ఛార్జింగ్‌కి పెట్టేదాన్ని. కరెంటు పోయినా దీనికి ఇన్వర్టర్ ఉంటదిగా."

"పెట్టినప్పుడు ఏమైనా అడిగేదా?"

"ఏందో పెట్టె వచ్చి అడిగేది. ఓకే నొక్కేదాన్ని."

"ఏమడుగుతోందో చూడకుండానే?"

"ఇంగ్లీషులో అడిగిద్ది, నాకేం తెలుసు? అంత మర్యాదగా అడగతా ఉంటే కాదని ఎట్టా అనేది? పెట్టినప్పుడల్లా అడిగేది, సరేలే అనేదాన్ని."

ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ ఫోన్ మొత్తాన్ని కొత్తగా కాపీ చేయమంటారా అని అది అడిగేది. అప్పు అడిగిన పక్కింటి వాళ్లకు పంచదార ఇచ్చినంత తేలిగ్గా ఆవిడ సరేననేవారు. నాకు నవ్వూ, ఒళ్లు మంటా రెండూ వచ్చాయి. అన్నీ ఒకేసారి ఎంచుకుని డిలీట్ మీదకు వేలు పోనిచ్చాను. నొక్కబోతూ ఆగిపోయాను. ఫోన్ మొత్తం అంటే, అందులో ఉన్నవన్నీ అని కదా!

ఒక ఫోల్డరు తెరిచాను. చిన్న చిన్న బొమ్మల్లో అంతా పచ్చగా ఆకులు. ఒకటి నొక్కాను.

"ఇదిగో ఇటు చూపీ. ఆకు కింద చూడు, ముడత ఎట్టా వచ్చిందో. ఏమే, చెయ్యి వణకనీయమాక. నెప్పి పుడతందా? పోనీ ఆపు, నీడకు పోయి కూచో."

గోంగూర పళ్లెం పక్కకు జరిగిన చప్పుడు వినపడింది. అత్తయ్య నా కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. తెర వైపు చూస్తూ, పక్క మనిషితో చెప్పినట్టే చెప్పారు.

"నాకేం నెప్పి లేదు. మీరు కానీయండి."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో ఆకూ మళ్లీ చూపించమన్నారు. ఆ పెట్టె అడిగిన ప్రతిసారీ ఓకే అన్న ఆ వేలికి దండం పెట్టుకున్నాను. అత్తయ్య కూడా నాలా అన్నీ చదివి, ఆలోచించి నొక్కే మనిషై ఉంటే, ఫోన్‌తో పాటు ఆయనా కాలవలోనే పోయేవారు.

కాసేపటికి ఆల్బమ్ గుర్తొచ్చింది. ఒక్క కాపీ ఉంచుకుని మిగతావి తీసేస్తే సరిపోతుందని ఆవిడకు నచ్చజెప్పి డిలీట్ నొక్కాను. వీటిని శాశ్వతంగా తీసేయమంటారా అని పెట్టె వచ్చి అడిగింది.

"ఏమంటంది?" అన్నారు అత్తయ్య. చెప్పాను.

ఆవిడ నా చేతిలోంచి మౌస్ తీసుకున్నారు. "కాదనేది ఏదమ్మా ఇందులో?" అని అడిగి, నేను చూపించినదాని మీద గట్టిగా నొక్కారు.

"అడిగితే కాదనకూడదన్నారుగా అత్తయ్యా?"

"చోటు అడిగితే ఇస్తాం గానీ, ఇంట్లో మనిషిని అడిగితే ఇస్తామా?"

నేను చీర కొంగు దోపుకుని బజారుకు వెళ్లి విడిగా ఒక డిస్కు కొనుక్కొచ్చాను. గురజాల పెళ్లి అందులోకి ఎక్కింది. ఇప్పటికీ నా ఆల్బమ్‌లన్నీ ఆ బయటి డిస్కులోనే ఉంటాయి. కంప్యూటర్‌లో సగం మామయ్యదే.