ఇంట్లో ఎంతమందమ్మా?

బందరులో మా మెకానిక్ బాబాయిగారు ఏ కారు గురించి అడిగినా ముందు, "ఇంట్లో ఎంతమందమ్మా?" అనేవారు. మావారు జోరుగా అమ్ముడుపోతున్న బరువైన కొత్త కారు మీద మనసుపడి, అందులో చిన్న ఇంజనుదే చాలనుకున్నారు. బాబాయిగారు నడిపి చూడటానికి షోరూం వాళ్లను ఒప్పించి, మా నలుగురినీ, రెండు బియ్యం బస్తాలనూ అందులో ఎక్కించి, ఎత్తు ఎక్కుతుందేమో చూద్దామంటూ తనూ కూర్చున్నారు.

"మన దివిసీమలో కొండలెక్కడున్నాయి మావయ్యా?" అని మావారు నవ్వారు.

"వంతెన ఉందిగా అల్లుడూ!"

పులిగడ్డ వంతెన ఎక్కుతూ మావారు ధాన్యం ట్రాక్టరును దాటబోయారు. బండి ఆయాసపడింది. ఎదురుగా లారీ వచ్చేస్తోంది.

"వెనక్కి తగ్గు నాయనా," అన్నారు బాబాయిగారు నెమ్మదిగా. మావారు తగ్గారు, బతికాం.

పెద్ద ఇంజనుదే కొన్నాం. బాబాయిగారు ఇప్పుడు లేరు. నిండు బండి ఆ వంతెన తేలిగ్గా ఎక్కిన ప్రతిసారీ దేవునికి స్తోత్రం చెప్పుకుని, ఇంట్లో ఎంతమందిమో లెక్కపెడతాను. బాబాయిగారితో కలిపి ఐదుగురం.